పేర్లు రాసే పుస్తకం



పోయిన వారం మా హాస్టల్ రూంలో ‘డెత్ నోట్’ మళ్లీ పెట్టారు. 2006లో జపాన్‌లో మొదలైన సిరీస్, 37 ఎపిసోడ్లు. లైట్ యాగామి అనే స్టూడెంట్‌కి ఒక పుస్తకం దొరుకుతుంది. మొహం తలుచుకుని అందులో పేరు రాస్తే చాలు, 40 సెకన్లలో ఆ మనిషి గుండె ఆగిపోతుంది. చూస్తా చూస్తా మా రూమ్మేట్ అన్నాడు: ‘దొంగల్నే కదరా చంపేది, తప్పేముంది?’ వాడూ యానాదోడే. ఆ మాటకే నాకు నిద్ర పట్టలేదు.

లైట్ మొదట పేర్లు ఎక్కడ్నించి తీసుకున్నాడు? టీవీ వార్తల్లోంచి. టీవీ నేరస్తుడంటే నేరస్తుడే, అడిగేదేం లేదు. రెండో ఎపిసోడ్‌కే టీవీలో తనని చెడ్డోడన్న మనిషిని కోపంతో చంపేశాడు. తర్వాత తన వెంట పడిన ఎఫ్‌బీఐ వాళ్లని. వాళ్లేం దొంగలు కాదే! నాకు బాగా గుచ్చుకున్నది మధ్యలో వచ్చే భాగం. పుస్తకం వదిలేయగానే దాని జ్ఞాపకాలు పోయి, మళ్లీ మంచి పిల్లోడైపోతాడు. చంపడం తప్పంటాడు. చెయ్యి తగిలిందో, పాత నవ్వు వచ్చేస్తుంది. దాని ఖరీదు కూడా వాడు కట్టడు. పేరు కనపడే కళ్లు కావాలంటే మిగిలిన ఆయుష్షులో సగం ఇవ్వాలి. అది మీసా ఇచ్చింది, ఆఖర్న వాళ్ల నాన్న కూడా ఇచ్చాడు. లైట్ మాత్రం ఇవ్వలేదు.

మాది శ్రీహరికోట. రాకెట్ సెంటర్ రాకముందు ఆ దీవి అడవిలోనే తేనె, గడ్డలు తెచ్చుకుని బతికిన ఇల్లు. సూళ్లూరుపేట వైపు కూలికి పోయినప్పుడు యాడ దొంగతనం జరిగినా ముందు మనోళ్లనే పిలిపించేవాళ్లని తాత చెప్పేవాడు. ‘ఏం చేశావని అడగరబ్బయా, పేరేందని అడుగుతారు’ అనేవాడు.

ఆ పేర్లు రాసుకునే పుస్తకం నిజంగానే ఉండేది. 1871లో తెల్లోళ్లు తెచ్చిన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టిన కులాన్ని బట్టి రిజిస్టర్‌లో పేరు, వేలిముద్ర. మన నెల్లూరు జిల్లా మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటోళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే 1952లో రద్దయింది. తాత చెప్పినవి ఆ తర్వాత సంగతులే. చట్టం పోయినా రాసే అలవాటు పోలేదు.

ఇదంతా రూమ్మేట్‌కి చెప్పా. కాసేపు ఊరుకుని, ‘మా జేజి కూడా ఇట్టాంటిదే ఏదో చెప్పేదిరా’ అన్నాడు. ఈ సెలవులకి ఇంటికి పోయి పూర్తిగా అడుగుతానన్నాడు. మీరూ మీ పెద్దోళ్లని అడిగి ఇక్కడ రాయండి.