కాలేజీ పేరు చూశారు సరే, దారి చూశారా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. వెబ్ ఆప్షన్లు పెట్టబోయే పిల్లలు మీ ఇంట్లో గానీ మీ ఊళ్లో గానీ ఉంటే వాళ్లకి తప్పకుండా చూపించండి.

ఇంటర్ రిజల్ట్స్ రాగానే మన గ్రూపులో ప్రతి ఏడూ సలహాలు మొదలవుతాయి. ఏ కాలేజీకి పేరుంది, ఎక్కడ ప్లేస్‌మెంట్లు ఉన్నాయి, ఏ బ్రాంచికి డిమాండ్ ఉంది, ఎక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. రాసే అన్నలు మన మంచి కోరే రాస్తున్నారు, కాదనం. మేం కూడా అవి చదివే వచ్చాం. కానీ ఇన్ని పోస్టుల్లో ఒక్క ప్రశ్న మాకు కనపడలేదు. హాస్టల్ నుంచి ఆ కాలేజీకి రోజూ ఎలా వెళ్లాలి? సైకిల్ తొక్కుకుంటూ వెళ్లే దూరమేనా? తొక్కడానికి దారి ఉందా?

సైకిల్ అనగానే కొందరు నవ్వుతారని తెలుసు. నవ్వే ముందు మా రూములో ఖాళీగా ఉన్న ఒక మంచం గురించి వినండి.

ఆ మంచం పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడిది. పేరు రాయడం లేదు, వాడికి ఇష్టం ఉండదు. వాళ్లింట్లో పదో తరగతి దాటింది వాడొక్కడే. ఆప్షన్లు పెట్టడానికి నెట్ సెంటర్‌కి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్నది మేమే. "పెద్ద పేరున్న కాలేజీరా, ఫస్ట్ ఆప్షన్ ఇదే పెట్టు" అన్నదీ మేమే. సీటు వచ్చింది. ఊళ్లో అందరికీ చెప్పుకున్నారు. తీరా చేరాక తెలిసిందేటంటే, కాలేజీ సిటీ బయట హైవే పక్కన, హాస్టల్ సిటీ లోపల. మధ్యలో 9 కిలోమీటర్లు, రెండు బస్సులు. మొదటి క్లాసు 9 గంటలకి. పొద్దున్న హాస్టల్‌లో టిఫిన్ లైను కదిలేసరికి ఏడున్నర. మొదటి బస్సు నిండిపోయి వస్తుంది, స్టాపులో స్టూడెంట్లు గుంపుగా కనిపిస్తే ఆపకుండా పోతుంది. రెండో బస్సు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. వాడు క్లాసుకి చేరేసరికి హాజరు తీసేసేవాళ్లు.

సెమిస్టర్ చివర్లో వాడి హాజరు 61 శాతం. 75 ఉంటేనే స్కాలర్‌షిప్ అన్న సంగతి మనందరికీ తెలిసిందే. లెక్చరర్ని బతిమాలాడు, ఆఫీసు చుట్టూ తిరిగాడు. "రోజూ లేటుగా లేచి బస్సు మీద నెపం పెడతారు మీవాళ్లు" అని ఒక మాట పడింది. ఆ 'మీవాళ్లు' అన్న మాట వాడు మాకు మూడుసార్లు చెప్పాడు. సంక్రాంతికి ఊరెళ్లినోడు తిరిగి రాలేదు. ఇప్పుడు కాఫీ తోటలో పళ్లు కోస్తున్నాడు. పని తక్కువదని కాదు, మా అమ్మానాన్నలూ అదే చేస్తారు. కానీ వాడు చదువు రాక పోలేదు. 9 కిలోమీటర్లు దాటలేక పోయాడు.

అందుకే ఈ పోస్టు. ఆ ఆప్షన్ పెట్టించిన తప్పు మాది కూడా కాబట్టి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కాలేజీ సీటు ఇచ్చేది ఒక కౌన్సెలింగ్. హాస్టల్ సీటు ఇచ్చేది ఇంకో ఆఫీసు. ఈ రెండింటి మధ్య ఎన్ని కిలోమీటర్లున్నాయో ఎవరి రిజిస్టర్లోనూ ఉండదు. కాలేజీ సొంత హాస్టల్లో ఉండాలంటే ఆ ఫీజు మనం కట్టలేం. కాబట్టి ప్రభుత్వ హాస్టల్ ఎక్కడుంటే అక్కడ పడుకుని, కాలేజీ ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తాలి. ఆ మధ్య దూరాన్ని మోసేది మన పిల్లలే. మరి ఆప్షన్ పెట్టేటప్పుడు ఆ దూరాన్ని మనమైనా లెక్క పెట్టుకోవాలా వద్దా?

లెక్క కష్టమేం కాదు. మామూలు సైకిల్, గేర్లు లేనిది, తాపీగా తొక్కినా గంటకి 12 నుంచి 15 కిలోమీటర్లు పోతుంది. 5 కిలోమీటర్ల దూరం అంటే పాతిక నిమిషాల లోపు. ఎవరి కోసం ఎదురుచూడక్కర్లేదు, ఎవరూ ఆపకుండా పోరు. మా రూములో నలుగురం కలిసి ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ 1,800కి కొన్నాం. బ్రేకు రబ్బర్లు మార్చి, చైనుకి నూనె పోయించి, వెనక క్యారేజీ గట్టిగా బిగించుకునేసరికి ఇంకో 400. పంచర్ వేయడం మేమే నేర్చుకున్నాం. ఇద్దరు ఇద్దరుగా వంతులేసుకుని వెళ్తున్నాం. డబుల్స్ తొక్కడం తప్పని తెలుసు, రెండోది కొనే డబ్బులొచ్చాక మానేస్తాం.

"బండి కొనుక్కోండి" అనేవాళ్లు చాలామంది. మా హాస్టల్లో ఒక అన్న కొన్నాడు కూడా. ఇంట్లో మిరియాలు అమ్మిన డబ్బు అడ్వాన్సు కట్టి, మిగతాది నెలనెలా వాయిదా. పెట్రోలు లీటరు 100 ఎప్పుడో దాటింది. రెండు నెలలు దర్జాగా తిరిగాడు. మూడో నెల నుంచి వాయిదా కట్టడానికి రాత్రిళ్లు ఫుడ్ డెలివరీకి పోయి, పొద్దున్న క్లాసులో నిద్రపోయాడు. బండి కాలేజీకి వెళ్లడానికి కొన్నాడా, బండిని మేపడానికి కాలేజీ మానేశాడా అని మేమే ఎగతాళి చేశాం. ఇప్పుడు చేయడం లేదు.

"ఆడపిల్లలకి బస్సు ఉచితం అయింది కదా, ఇంకా సైకిల్ ఎందుకు?" అంటారు. ఉచితం మంచిదే, పోరాడైనా నిలబెట్టుకోవాల్సిందే. కానీ టికెట్ ఉచితమైతే బస్సు టైముకి వస్తుందా? బస్సు దిగాక కాలేజీ గేటు దాకా ఉన్న రెండు కిలోమీటర్ల సంగతేంటి?

సిగ్గు గురించి కూడా మాట్లాడుకోవాలి. మనలో చాలామందికి అసలు అడ్డు అదే. విశాఖలో ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డుకి వెళ్లి చూడండి. హెల్మెట్లు, రంగురంగుల టైట్ బట్టలు, మన ఇంటిల్లిపాది ఏడాది సంపాదన ఖరీదు చేసే సైకిళ్లు. వాళ్లు తొక్కితే ఫిట్‌నెస్. అదే రోడ్డు మీద సోమవారం మేం క్యారేజీకి పుస్తకాల సంచి కట్టుకుని తొక్కితే "పాపం, బస్సుకి డబ్బుల్లేవేమో". కాలేజీ గేటు దగ్గర కార్లకి నీడ, బైకులకి షెడ్డు, సైకిల్‌కి మాత్రం "అటు గోడకి ఆనించు". హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, ఎండా వానా తగలవు. చాలా బాగుంటుంది, అబద్ధం చెప్పం. అక్కడికి సైకిల్‌ని కారు మీద కట్టుకుని వచ్చేవాళ్లున్నారు. సరదాగా తొక్కేవాళ్లకి కప్పు వేయగలిగిన ప్రభుత్వాలకి, హాస్టల్ నుంచి కాలేజీకి 4 కిలోమీటర్లు ఒక పక్కగా తెల్ల గీత గీయడం కష్టమా?

సైకిల్ చిన్న విషయం అనుకునేవాళ్లు పాత సంగతులు కొంచెం చూడాలి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు ఆడవాళ్లకి అక్షరాలతో పాటు సైకిల్ కూడా నేర్పించారు. కూలికెళ్లే అక్కలు వేల మంది నేర్చుకున్నారు. పి. సాయినాథ్ దాని గురించి రాశారు. 2006లో బీహార్‌లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోడానికి ప్రభుత్వం డబ్బులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత లెక్కగట్టి చూస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు సుమారు 30 శాతం పెరిగారు. అదీ బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువగా. అంటే వాళ్లకి చదువు ఇష్టం లేక ఆగిపోలేదు, దూరం ఆపేసింది. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చిన రోజులున్నాయి. మరి డిగ్రీకొచ్చేసరికి దూరం పెరుగుతుంది గానీ తగ్గదు కదా. మాకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కొండ మీద ఊళ్లలో పుట్టినోళ్లలో చాలామందికి సైకిలే రాదు. డోలీలో మనిషిని మోసుకొచ్చే దారిలో సైకిల్ ఎక్కడ తొక్కుతాం? మాలో ఇద్దరు పద్దెనిమిదేళ్లకి, హాస్టల్ గ్రౌండ్‌లో, రాత్రి పూట ఎవరూ చూడకుండా నేర్చుకున్నారు. పక్క హాస్టల్ చెల్లెళ్లు అలా దాక్కోలేదు. నాలుగు ఆదివారాలు పగటి పూటే నేర్చుకున్నారు, పడ్డారు, మోకాళ్లు గీరుకున్నారు, చున్నీ చైన్లో పడకుండా నడుముకి ముడేసుకుని మళ్లీ ఎక్కారు. వాళ్లని చూసి మాకు సిగ్గేసింది. కానీ సాయంత్రం ల్యాబ్ అయ్యాక వాళ్లొచ్చే రోడ్డు మీద లైట్లు లేవు. ఆ లైట్లు వచ్చేదాకా వాళ్ల సైకిళ్లు పొద్దున పూట మాత్రమే తిరుగుతాయి. ఇది చెల్లెళ్ల ధైర్యం సమస్య కాదు, దీపస్తంభం సమస్య.

సరే, ఏం చూసుకోవాలి? ఫోన్‌లో మ్యాప్ తీసి బస్టాండ్ నుంచి కాదు, హాస్టల్ గేటు నుంచి కాలేజీ గేటుకి కొలవండి. 5 లోపుంటే నిశ్చింత, 7 దాకా పర్వాలేదు, 9 అంటే మా తమ్ముణ్ణి గుర్తు తెచ్చుకోండి. దారి మధ్యలో జాతీయ రహదారి మీద పోవాల్సి వస్తే సర్వీసు రోడ్డు ఉందో లేదో చూడండి, లారీల పక్కన తొక్కొద్దు. విశాఖలో చాలా చోట్ల ఎత్తుపల్లాలు, ఆంధ్రా యూనివర్సిటీ వైపు కూడా గట్టి ఎత్తులున్నాయి, అక్కడ కిలోమీటర్లు తక్కువైనా కాళ్లకి ఎక్కువే. అదే కాకినాడ లాంటి చదును ఊళ్లలో 6 కిలోమీటర్లు తెలియకుండానే అయిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ చదువుతున్న సీనియర్‌కి ఫోన్ చేసి "సైకిల్ ఎక్కడ పెడతారన్నా?" అని ఒక్క మాట అడగండి. ఆ జవాబులోనే ఆ కాలేజీ సంగతి సగం తెలిసిపోతుంది.

ఇంకో దారి కూడా ఉంది, మనవాళ్లు దీన్ని తక్కువగా చూస్తారు. హాస్టల్, క్లాసు, లైబ్రరీ, మెస్సు అన్నీ ఒకే గోడ లోపల ఉన్న యూనివర్సిటీలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చాలా పెద్దగా ఉంటుంది, లోపల స్టూడెంట్లు సైకిళ్ల మీదే తిరుగుతారు. ఖరగ్‌పూర్ ఐఐటీలో అయితే సైకిల్ లేని స్టూడెంట్ కనపడటమే అరుదు. అక్కడ సైకిల్ పేదరికం గుర్తు కాదు, అందరిదీ. కలెక్టర్ కొడుకూ మనమూ ఒకే స్టాండ్‌లో పెడతాం. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీకి సీయూఈటీ ఒక్క పరీక్ష రాస్తే చాలు, ఎస్టీలకి 7.5 శాతం సీట్లున్నాయి. మన పిల్లల్లో ఎంతమంది రాస్తున్నారు? హైవే పక్కన ప్రైవేటు కాలేజీ బోర్డు చూసి మురిసిపోయే మనం, ఆ ఫారం వైపు చూడం.

"అన్నీ వదిలేసి సైకిల్ చూసుకుని కాలేజీ ఎంచుకోమంటారా?" అని ఒక అన్న మమ్మల్ని అడిగారు. లేదన్నా. ఎంబీబీఎస్ సీటొస్తే, ఎన్ఐటీలో సీటొస్తే దేశంలో ఎక్కడున్నా పొమ్మనే చెప్తాం, నడిచైనా పొమ్మంటాం. మేం మాట్లాడేది మాలాంటి మామూలు ర్యాంకుల గురించి. ఒకే స్థాయి కాలేజీలు పది ఉన్నప్పుడు, వాటిలో పేరు పెద్దదని దూరమైనదాన్ని పైన పెడుతున్నాం. ఆ పేరు నాలుగేళ్ల తర్వాత పనికొస్తుందేమో. దూరం మాత్రం మొదటి నెల నుంచే కోస్తుంది.

చివరగా పెద్దలకి ఒక మాట. మన పేరు మీద రెండు యూనివర్సిటీలు వచ్చాయి. ములుగులో సమ్మక్క సారక్క, విజయనగరంలో ఏపీ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. రెండోది 2019 నుంచి తాత్కాలిక భవనాల్లో నడిచింది, మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో శాశ్వత క్యాంపస్‌కి 2023 ఆగస్టులో శంకుస్థాపన అయింది. రోడ్డు వేశాక పక్కన సైకిల్ దారి కోసం తవ్వమంటే ఎవరూ తవ్వరు. ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడే అడగాలి. హాస్టల్ నుంచి క్లాసుకి, క్యాంపస్ గేటు నుంచి దగ్గరి బస్టాపుకి సైకిల్ దారి, దానికి లైట్లు, తాళం వేసుకునే షెడ్డు. ఐటీడీఏ వాళ్లని అడగాల్సింది వేరే ఉంది. హాస్టల్లో చేరిన ప్రతి మొదటి సంవత్సరం స్టూడెంట్‌కి, దుప్పటి, ప్లేటు ఇచ్చినట్టే, ఒక సైకిల్. మేం వినతిపత్రం రాశాం, 43 మంది సంతకాలు పెట్టాం. వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తున్నాం. మీ హాస్టళ్ల నుంచి కూడా ఇస్తే మా ఒక్కరి గొడవ కాకుండా ఉంటుంది. కాపీ కావాలంటే అడగండి, పంపిస్తాం.

ఈలోగా కింద ప్రతి ఒక్కరూ మూడు ముక్కలు రాయండి. మీ హాస్టల్ నుంచి కాలేజీకి ఎన్ని కిలోమీటర్లు, సైకిల్ తొక్కే దారి ఉందా, కాలేజీలో స్టాండ్ ఉందా. ఆప్షన్లు పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు చూసుకుంటారు. మొదట మేం రాస్తున్నాం: 7 కిలోమీటర్లు, ఫ్లైఓవర్ దగ్గర దిగి నడిపించాలి, స్టాండ్ లేదు, గోడ ఉంది.