ఎదురుచూపునకు ఒక గడువు

వానకై ఎదురుచూచుట అనంతపురము పీఠభూమివాసులకు తరతరములుగా వచ్చిన అలవాటు. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించుటచేతను, ఈశాన్య ఋతుపవనములు ఇచ్చటికి చేరునప్పటికి బలము తగ్గుటచేతను, ఈ సీమకు సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే లభించుచున్నది. మృగశిర కార్తె మొదలుకొని వేరుసెనగ రైతు దృష్టి ఆకాశముమీదనే యుండును. ఇటీవలి కాలమున ఆతని దృష్టికి మరియొక తావు ఏర్పడినది. అది అరచేతిలోని స్మార్ట్‌ఫోను. ఐదారేండ్ల క్రిందట కొనిన ఆ ఫోనునకు క్రొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చునా, రాదా? వచ్చినచో ఎప్పుడు వచ్చును? వచ్చిన పిదప ఆ పాత ఫోను దానిని భరింపగలదా? ఈ ప్రశ్నలు పట్టణ యువకులవి మాత్రమే కావు. పల్లెలలోని రైతులు, కూలీలు కూడ నేడు వీనిని వేసికొనుచున్నారు.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా ఫోనులోని తెర, కెమెరా, మెమరీ మున్నగు భాగములన్నిటిని ఒక క్రమమున నడిపించు మూల ప్రోగ్రాము. 2008లో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ తొలి రూపమును విడుదల చేసెను. నాటినుండి దానికి క్రొత్త రూపములు వెలువడుచునే యున్నవి. ఆండ్రాయిడ్ 16 అను రూపము 2025 జూన్ నెలలో వెలువడెను. అయితే గూగుల్ విడుదల చేసిన నాడే అది ప్రతి ఫోనునకు చేరదు. క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి చిప్పుల తయారీదారులు తమ చిప్పునకు అనుగుణమైన భాగమును సిద్ధపరుపవలెను. పిదప ఫోనును తయారుచేసిన సంస్థ దానిని తన నమూనాకు తగినట్లు సవరించి, పరీక్షించి పంపవలెను. తుంగభద్ర నీరు ఎగువ కాలువ వెంట సాగి, ఒక్కొక్క తూము దాటి చివరి ఆయకట్టునకు చేరునట్లే అప్‌డేటు కూడ అంచెలంచెలుగా దిగిరావలసి యున్నది. నడుమ ఒక్క తూము మూయబడినను చివరి పొలము ఎండును. ఈ ప్రయాణమును సులభము చేయుటకై 2017లో ఆండ్రాయిడ్ 8తో, చిప్పునకు సంబంధించిన భాగమును మిగిలిన దానినుండి వేరుపరచిరి. దారి కొంత చక్కబడినది. కాని ఏ ఫోనునకు అప్‌డేటు పంపవలెను, దేనికి మానవలెను అను తుది నిర్ణయము మాత్రము ఇప్పటికిని ఫోను తయారుచేసిన సంస్థదే.

ఇంత చిన్న విషయమునకు ఇంత చర్చ ఎందుకని కొందరు అడుగవచ్చును. ఈ సీమలోనే ఇందుకు సమాధానము కలదు. అనంతపురము జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లి గ్రామమున 2006 ఫిబ్రవరి 2వ తేదీన నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రారంభించెను. ఆనాడు కూలీల హాజరు కాగితపు మస్టరుపై వ్రాయబడుచుండెను. 2023 జనవరి 1 నుండి ఆ హాజరును పనిస్థలమున రోజునకు రెండు మారులు ఫొటోలు తీసి, మొబైల్ యాప్ ద్వారా నమోదు చేయుట తప్పనిసరి యయ్యెను. అనగా ఎండలో మట్టి త్రవ్విన కూలీల కూలి లెక్క మేటు చేతిలోని ఫోనుపై ఆధారపడెను. 2019లో వాతావరణ శాఖవారు రైతులకై మేఘదూత్ అను యాప్‌ను తెచ్చిరి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మన మిత్ర అను పేర వాట్సాప్ ద్వారా పౌరసేవలను ప్రారంభించెను. ఇవి మెచ్చదగిన యత్నములే. కాని వాట్సాప్ సంస్థ 2023 అక్టోబరు 24 నుండి ఆండ్రాయిడ్ 5 కంటె పాత రూపములు గల ఫోనులలో తన సేవను నిలిపివేసెను. ముందుముందు ఈ గీత ఇంకను పైకి జరుగును. తెర పగులక, మాట చక్కగా వినిపించుచున్న ఫోను కూడ ఒకనాటి ఉదయమున కొన్ని పనులకు కొరగానిదగును. కరవు సీమలో క్రొత్త ఫోను కొనుట యనగా కొన్ని వారముల కూలిని వెచ్చించుటయే.

అప్‌డేట్లు రెండు విధములు. సాలుకొకమారు వచ్చు పెద్ద అప్‌డేటు క్రొత్త రూపమును, క్రొత్త సౌకర్యములను తెచ్చును. తరచుగా వచ్చు చిన్న భద్రతా అప్‌డేటు లోపములను పూడ్చును. జనులు మొదటి దానికై ఉవ్విళ్లూరుదురు. రెండవ దానిని గమనింపరు. అనంతపురము చెంతనున్న బుక్కరాయసముద్రము చెరువు 14వ శతాబ్దమున, మొదటి బుక్కరాయల కాలమున నిర్మింపబడినది. ఆ చెరువు కట్ట తెగిన గాథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించెను. ఇంతకాలము ఆ చెరువు నిలుచుటకు కారణము క్రొత్త అలంకారములు కావు. పడిన గండిని పూడ్చుచు, కట్టను కనిపెట్టి యుండుటయే. ఫోనునకును అంతే. 2015 జులైలో ఆండ్రాయిడ్ ఫోనులలో స్టేజ్‌ఫ్రైట్ అను లోపము బయటపడెను. ఒక మల్టీమీడియా సందేశము పంపినంతనే దుండగులు పరుల ఫోనును వశపరచుకొనుటకు అది వీలు కల్పించెను. ఆ లోపము సుమారు 95 కోట్ల ఫోనులలో ఉండవచ్చునని దానిని కనుగొనిన సంస్థ అంచనా వేసెను. దీని పిమ్మటనే గూగుల్, శామ్‌సంగ్ సంస్థలు నెలనెల భద్రతా అప్‌డేట్లు పంపుదుమని ప్రకటించినవి. నేడు బ్యాంకు వ్యవహారములు, ఆధార్ వివరములు ఫోనులోనే యున్నవి. కనుక పాత ఫోనునకు క్రొత్త అలంకారము రాకున్నను అంత నష్టము లేదు. గండి పూడ్చుట నిలిచిపోవుటయే పెద్ద ప్రమాదము.

పెద్ద అప్‌డేటు ఎల్లవేళల మేలు చేయుననియు చెప్పరాదు. 2018 అక్టోబరులో ఇటలీ దేశపు పోటీ పర్యవేక్షణ సంస్థ, పాత నమూనాలు భరింపలేని అప్‌డేట్లను వేసికొనునట్లు కొనుగోలుదారులను పురికొల్పి, ఫోనుల పనితీరును దిగజార్చినందుకు ఆపిల్ సంస్థకు కోటి యూరోలు, శామ్‌సంగ్ సంస్థకు 50 లక్షల యూరోలు జరిమానా విధించెను. అదే 2018లో వచ్చిన ఐఓఎస్ 12 అను రూపము పాత ఐఫోనులను సైతము చురుకుగా నడుపుటను ఉద్దేశించి చేయబడినది. 2013లో అమ్మకమునకు వచ్చిన ఐఫోన్ 5ఎస్‌కు 2023 జనవరిలో కూడ ఒక భద్రతా అప్‌డేటు లభించెను. ఒకే సంస్థ చేతినుండి ఈ రెండు విధముల ఫలములును వచ్చినవి. పాత ఫోను మందగించుట విధివిలాసము కాదని, తయారీదారు తలచినచో దాని ఆయువు పెరుగునని దీనివలన తేటపడుచున్నది.

తయారీదారుల పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. ప్రతి పాత నమూనాకును క్రొత్త రూపమును సవరించి పరీక్షించుటకు ఇంజనీర్లు కావలెను, ధనము కావలెను. చిప్పు తయారీదారు తన సహాయమును నిలిపివేసినచో ఫోను సంస్థ ఒంటరిగా చేయగలిగినది స్వల్పము. తక్కువ మెమరీ గల ఫోనులో నేటి ప్రోగ్రాములను ఇముడ్చుట కష్టము. ఇవి నిజములే. ఏ వస్తువును శాశ్వతముగా బ్రతికింపుమని అడుగుట న్యాయము కాదు. కాని ఎంతకాలము బ్రతికింతురో ముందుగా చెప్పుమని అడుగుట న్యాయమే.

రైతు విత్తనములు కొనునప్పుడు సంచికి కట్టిన చీటీని చూచును. 1966 నాటి విత్తన చట్టము వలన ఆ చీటీకి బలము చేకూరినది. మొలక శాతమెంత, పరీక్షించిన తేదీ యేది, ఎంతవరకు చెల్లును అను సంగతులు దానిపై నుండును. మందుల పట్టీపై కూడ గడువు తేదీ ముద్రింపబడును. విత్తనముల సంచికంటె ఎన్నోరెట్లు వెలగల ఫోను పెట్టెపై మాత్రము, అప్‌డేట్లు ఏ తేదీవరకు వచ్చునో తెలుపు చీటీ లేకుండుట వింత. ఇతర దేశములు ఈ విషయమున మేలుకొన్నవి. బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి, భద్రతా అప్‌డేట్లు కనీసము ఎంతకాలము ఇత్తురో తయారీదారులు ప్రకటించుట చట్టరీత్యా విధియైనది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, ఒక నమూనా అమ్మకము ముగిసిన పిదప కనీసము 5 సంవత్సరములవరకు అప్‌డేట్లను ఉచితముగా అందింపవలెను. గూగుల్ 2023లోను, శామ్‌సంగ్ 2024లోను తమ మేలురకపు ఫోనులకు 7 సంవత్సరముల హామీ నిచ్చినవి. అయితే ఈ దీర్ఘమైన హామీలు మొదట ఖరీదైన ఫోనులకే లభించినవి. తక్కువ వెలకు ఫోను కొని ఎక్కువ కాలము వాడుకొనవలసిన పేదవాని వస్తువునకే అల్పాయువు కలుగుట ధర్మము కాదు. మన దేశమున 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము రిపేరు హక్కు పోర్టల్‌ను ప్రారంభించెను. ఆ మార్గమున మరియొక అడుగు వేసి, ప్రతి ఫోను పెట్టెపై భద్రతా అప్‌డేట్ల చివరి తేదీని తెలుగు మొదలగు ప్రజల భాషలలో ముద్రింపజేయవలెను. అట్లే ప్రజలకు తప్పనిసరి యగు ప్రభుత్వ యాప్‌లను పాత ఫోనులలో కూడ పనిచేయునట్లు రూపొందింపవలెను. ఫోను పాతదైనంత మాత్రమున కూలి చెడరాదు.

ఫోను గలవారికిని కొన్ని విధులు కలవు. తొలి చినుకు పడగానే అనంతపురము రైతు విత్తడు. నేలలో పదును చాలునో లేదో చూచి విత్తును. అట్లే పెద్ద అప్‌డేటు వచ్చినంతనే తొందరపడక, అదే నమూనా గలవారి అనుభవమును కొన్ని దినములు విచారించుట మేలు. భద్రతా అప్‌డేటును మాత్రము వాయిదా వేయరాదు. వేసికొనుటకు ముందు ఫొటోలను, ముఖ్యమైన కాగితముల నకళ్లను వేరొక చోట దాచవలెను; బ్యాటరీని నింపవలెను; మెమరీలో తావు చేయవలెను. అప్‌డేటును ఫోను సెట్టింగులనుండియే పొందవలెను గాని, ఎవరో పంపిన సందేశములోని లింకును నొక్కి పొందరాదు. మోసగాండ్రు జనుల ఆతురతనే ఎరగా వేయుదురు. భద్రతా అప్‌డేట్లు నిలిచిపోయిన ఫోనులో డబ్బు వ్యవహారములు నడుపరాదు. అయినను ఆ ఫోనును పారవేయ నక్కరలేదు. మాటాడుటకు, పాఠములు వినుటకు, వానకబురు తెలిసికొనుటకు అది ఇంకను పనికివచ్చును.

వాన ఎప్పుడు వచ్చునో చెప్పుట మానవుని చేతిలో లేదు. అందుచేతనే దానికై ఎదురుచూచుట ఈ సీమవాసులకు తప్పనిదైనది. అప్‌డేటు అట్టిది కాదు. దానిని పంపువారు మనుష్యులు, నిలుపువారును మనుష్యులే. వారు నిర్ణయించు తేదీని కొనువానికి ముందుగా చెప్పుట కష్టమైన పని కాదు. ఆ తేదీ తెలిసినచో రైతు తన అవసరమునకు తగిన ఫోనును ఎంచుకొనును, ఎన్నేండ్లు వచ్చునో లెక్క చూచుకొనును, డబ్బు కూడబెట్టుకొనును. ఆకాశమువైపు చూచుటకు ఆతనికి ఎటులను తప్పదు. చేతిలోని ఫోనువైపు కూడ అట్లే చూచుచు కూర్చుండునట్లు చేయుట మాత్రము తగదు.