వాట్లు అడగకుండా కంప్యూటర్ కొంటే బిల్లు ఎవరు కడతారు?

ఇంటర్ ఫలితాలు వచ్చి, ఇంజినీరింగ్ సీటు ఎక్కడో ఒకచోట ఖాయమయ్యే రోజులకి మన ఇళ్లలో ఒక మాట తప్పకుండా వస్తుంది: "అబ్బా, కంప్యూటర్ కొనివ్వండి." నూజివీడు వైపు అది మామిడి సీజన్ కూడా. తోటల్లో రసాలు, బంగినపల్లి కోతలు, రోడ్ల మీద కాయల లారీలు, ఎండ 40 డిగ్రీలు దాటి. ఇంట్లో ఫ్యాన్లు ఆగవు, కూలర్ ఆగదు, ఏసీ ఉంటే అదీ ఆగదు. కరెంటు బిల్లు చూసి అమ్మీ అప్పటికే తల పట్టుకుని ఉంటుంది.

అబ్బా అడిగేది ధర. పిల్లాడు చెప్పేది ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు. షాపువాడు చూపించేది ఆఫర్. ముగ్గురూ ఎత్తని మాట ఒకటుంది: ఇది ఎన్ని వాట్లు తింటుంది? ఏసీ కొనేటప్పుడు స్టార్లు లెక్కపెట్టే మనం కంప్యూటర్ దగ్గర ఆ లెక్క ఎందుకు వదిలేస్తున్నాం?

ఒకే రోజు, రెండు వార్తలు

2025 అక్టోబర్ 14న రెండు సంగతులు జరిగాయి. మొదటిది అందరికీ తెలిసిందే. విశాఖపట్నంలో ఏఐ డేటా సెంటర్ కడతామని, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ ఢిల్లీలో ప్రకటించింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర మంత్రులు ఆ వేదిక మీద ఉన్నారు. రెండోది చప్పుడు లేకుండా జరిగిపోయింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ఆపేసింది.

మన ఇళ్లలో ఉన్న పాత కంప్యూటర్లు చాలావరకు విండోస్ 10వే. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతిది కావాలి. అంటే బాగానే పనిచేస్తున్న యంత్రం కూడా ఒక్కరోజులో "పాతది" అయిపోయింది. కొత్తది కొందామంటే ర్యామ్ ధరలు మండుతున్నాయి. ప్రపంచంలో మెమరీ చిప్‌లు ప్రధానంగా చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఈ మూడూ ఇప్పుడు ఏఐ డేటా సెంటర్లకు కావలసిన మెమరీ వైపే మొగ్గుతున్నాయి. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ మామూలు వినియోగదారులకు అమ్మే తన 'క్రూషియల్' వ్యాపారాన్నే మూసేస్తామని చెప్పేసింది.

కాబట్టి విశాఖలో కట్టే డేటా సెంటర్‌కీ, నూజివీడులో మన ఇంటి టేబుల్ మీది డబ్బాకీ సంబంధం లేదనుకోకండి. ఒకే చిప్‌ల కోసం, ఒకే కరెంటు కోసం ఇద్దరూ వరుసలో నిలబడి ఉన్నారు.

చివరి కొమ్మ కాయలు

వేగానికీ కరెంటుకీ ఉన్న లెక్క ఏమిటి? మామిడి తోట చూసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. కింది కొమ్మల కాయలు చేత్తో కోస్తాం. మధ్య కొమ్మలకి చిక్కం కట్టిన గెడ చాలు. చిటారు కొమ్మన మిగిలిన పదో పాతికో కాయల కోసం మనిషి చెట్టెక్కాలి. కూలి ఎక్కువ, టైము ఎక్కువ, కొమ్మ విరిగే ప్రమాదం ఎక్కువ.

ప్రాసెసర్ కూడా అంతే. చిప్ తినే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది, అది ఒక వంతు. వోల్టేజీతో మాత్రం వర్గంగా పెరుగుతుంది, అంటే వోల్టేజీ రెట్టింపు అయితే ఖర్చు నాలుగింతలు. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచక తప్పదు. ఉదాహరణకి రెండూ పది శాతం చొప్పున పెంచితే కరెంటు ఖర్చు 33 శాతం పెరుగుతుంది. తిప్పి చూడండి: రెండూ పది శాతం తగ్గిస్తే ఖర్చు 27 శాతం తగ్గిపోతుంది. పోయిన వేగం కొంచెం, మిగిలిన కరెంటు బోలెడు.

ఒకప్పుడు ఈ బాధ లేదు. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ కూడా తగ్గుతుందని ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు 1974లో లెక్కగట్టి చెప్పారు. ముప్పై ఏళ్లు అలాగే నడిచింది. ప్రతి కొత్త చిప్ వేగంగా ఉండేది, వేడి మాత్రం అదుపులో ఉండేది. 2005 ప్రాంతానికి ఆ వరం అయిపోయింది. పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. దాని తర్వాత రావలసిన 'తేజస్' అనే చిప్‌ని ఇంటెల్ 2004లో మధ్యలోనే వదిలేసింది. అప్పటి నుంచి దారి మారింది. ఒకే కోర్‌ని పరిగెత్తించే బదులు, ఎక్కువ కోర్లని కాస్త నెమ్మదిగా నడిపే పద్ధతి వచ్చింది.

మరి ఇప్పుడు మళ్లీ ఎందుకు ఇంత వేడి? పోటీ. బెంచ్‌మార్క్ పట్టికలో పై పేరు మనదే ఉండాలని కంపెనీలు చివరి కొమ్మ దాకా ఎక్కుతున్నాయి. ఇంటెల్ కోర్ ఐ9-14900కే మామూలు రేటింగ్ 125 వాట్లు, పూర్తి వేగంలో 253 వాట్ల దాకా పోతుంది. ఎన్విడియా పెద్ద గ్రాఫిక్స్ కార్డు 2017లో 250 వాట్లు (జీటీఎక్స్ 1080 టీఐ). 2025లో 575 వాట్లు (ఆర్‌టీఎక్స్ 5090). ఆ ఒక్క కార్డు ఎనిమిదికి పైగా పాత సీలింగ్ ఫ్యాన్లతో సమానం.

కొమ్మ విరగడం కూడా చూశాం. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అకారణంగా క్రాష్ అవుతున్నాయని గోల లేచింది. వోల్టేజీ అవసరానికి మించి వెళ్లడమే కారణమని 2024లో కంపెనీయే చెప్పింది. సరిచేసే అప్‌డేట్ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఏఎండీ దగ్గరే ఉంది. రైజెన్ 9 7900ఎక్స్, రైజెన్ 9 7900, రెండిట్లోనూ 12 కోర్లే. మొదటిది 170 వాట్ల రేటింగ్, గరిష్ఠ వేగం 5.6 గిగాహెర్ట్జ్. రెండోది 65 వాట్లు, 5.4 గిగాహెర్ట్జ్. అన్ని కోర్లూ ఒకేసారి కష్టపడే పనుల్లో రెండోది కొంత వెనకబడుతుంది, నిజమే. కానీ కరెంటులో ఉన్న తేడాతో పోలిస్తే ఆ వెనకబాటు చిన్నది.

మన బిల్లులో ఎంత?

ఇప్పుడు ఇంటి లెక్కకి వద్దాం. 2022 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కి 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8.75. 400 దాటితే 9.75. ఇతర ఛార్జీలు వేరు.

నెలకి 200 యూనిట్లు కాలే ఇల్లు అనుకుందాం. గేమ్ ఆడేటప్పుడు 400 వాట్లు తినే డెస్క్‌టాప్, రోజుకి ఐదు గంటలు. నెలకి 60 యూనిట్లు. అందులో 25 యూనిట్లు 6 రూపాయల స్లాబులో, మిగతా 35 యూనిట్లు 8.75 స్లాబులో పడతాయి. మొత్తం సుమారు 456 రూపాయలు. అదే ఐదు గంటలు 50 వాట్ల ల్యాప్‌టాప్ మీద గడిస్తే 7.5 యూనిట్లు, 45 రూపాయలు. ఎండాకాలం ఏసీతో ఇల్లు అప్పటికే 380 యూనిట్ల దగ్గర ఉంటే, ఆ డెస్క్‌టాప్ 60 యూనిట్లకి 565 రూపాయలు అవుతుంది. కంప్యూటర్ అదే, వాడకం అదే. స్లాబు మారింది, అంతే.

ఇంకో లెక్క మనం మర్చిపోతాం. కంప్యూటర్ తిన్న ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటకి వస్తుంది. 400 వాట్ల డబ్బా అంటే గదిలో 400 వాట్ల చిన్న హీటర్ పెట్టుకున్నట్టే. ఏసీ ఉంటే ఆ వేడిని బయటికి తోయడానికి అది మళ్లీ సుమారు మరో వంద వాట్ల పైచిలుకు కాలుస్తుంది. ఏసీ లేకపోతే గది వేడెక్కుతుంది, చిప్ 95, 100 డిగ్రీలకి చేరి తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న చివరి కొమ్మ వేగం నూజివీడు మే నెలలో ఎటూ దక్కదు.

కరెంటు పోయినప్పటి సంగతీ చూడాలి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 150 ఏహెచ్, 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద ఉండేది 1800 వాట్-అవర్లు. నష్టాలు పోగా వచ్చేది ఇంకా తక్కువ. దాని మీద 400 వాట్ల కంప్యూటర్ పెడితే మూడు, నాలుగు గంటల్లో అయిపోతుంది. తర్వాత ఫ్యాన్ కూడా ఉండదు. ల్యాప్‌టాప్ అయితే పెద్దవాళ్ల ఫ్యాన్ ఆగకుండానే పిల్లాడి పరీక్ష అయిపోతుంది.

ట్రిపుల్ ఐటీ పాఠం

ఈ ఊళ్లోనే 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. పల్లెల్లో పది పాసైన పిల్లల్ని తీసుకుని ఆరేళ్ల చదువు చెప్పే సంస్థ. మొదటి నుంచీ చదువంతా ల్యాప్‌టాప్ మీద నడిచేలా దాన్ని రూపొందించారు. ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లు, ఉద్యోగాలకి వెళ్లినవాళ్లు ఎక్కువమంది మామూలు యంత్రాల మీదే నేర్చుకున్నారు. కోడింగ్, ఆఫీసు పని, ఆన్‌లైన్ క్లాసులకి 575 వాట్ల కార్డు అక్కరలేదు. వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్, సొంతంగా ఏఐ మోడళ్లు నడపడం లాంటివి చదువులో భాగమైతే గ్రాఫిక్స్ కార్డు కావాలి, కాదనడం లేదు. కానీ ఆ అవసరం చదువుదా, ఆటదా అన్నది ఇంట్లో కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఆట కూడా తప్పేం కాదు, దాని నెల ఖర్చు తెలిసి కొనాలి.

కొనేముందు ఇవి అడగండి. ఒకటి, ప్రాసెసర్ పేరు ఒక్కటే కాదు, దాని గరిష్ఠ వాట్లు ఎంత? రెండు, ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికి ఎన్ని వాట్లు ఇచ్చారు? ఆర్‌టీఎక్స్ 4060 అన్న ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. పేరు ఒకటే, పని ఒకటి కాదు. మూడు, డెస్క్‌టాప్ అయితే పవర్ సప్లైకి 80 ప్లస్ గుర్తు ఉందా? నాలుగు, ఇప్పటికే పెద్ద యంత్రం ఉంటే దాన్ని తిట్టుకోవద్దు. ఏఎండీలో ఎకో మోడ్, ఇంటెల్‌లో పవర్ లిమిట్, గేముల్లో ఫ్రేమ్ రేట్ పరిమితి పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

పాత కంప్యూటర్ పారేయకండి. విండోస్ 10 వాడేవాళ్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొందే పథకం ఉంది, దానిలో నమోదు చేసుకోవాలి. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసినా, లినక్స్ ఎక్కించినా చదువుకునే పిల్లలకి ఇంకొన్నేళ్లు సరిపోతుంది.

పెద్ద లెక్క అడిగేదెవరు?

డేటా సెంటర్ల వాళ్లు మనలా కళ్లు మూసుకుని కొనరు. ఒక వాటుకి ఎంత పని వస్తుందో చూసే కొంటారు. ఎన్విడియా హెచ్100 చిప్ 700 వాట్లు, దాని తర్వాతి బీ200 వెయ్యి వాట్లు. వాటు ఎక్కువే, కానీ పని అంతకన్నా ఎక్కువ అని వాళ్ల వాదన. అయితే ఒక్కో పనికి ఖర్చు తగ్గినా మొత్తం వాడకం పెరుగుతూనే ఉంది. విశాఖ కేంద్రం గిగావాట్ స్థాయిది. అంటే 1000 మెగావాట్లు. ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో ఇటీవల చేరిన అతిపెద్ద యూనిట్ 800 మెగావాట్లు. ఆ యూనిట్ మొత్తం ఇచ్చినా సరిపోదు.

ఉద్యోగాలు రావాలి, పెట్టుబడి రావాలి. మన పిల్లలు కూడా అందులో ఉండాలి. దాంతో పాటు కొన్ని ప్రశ్నలు కూడా ఉండాలి. ఆ కరెంటు ఎక్కడ నుంచి వస్తుంది? కొత్త లైన్లు, సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరి మీద పడుతుంది? రేపు సర్దుబాటు ఛార్జీల పేరుతో అది 200 యూనిట్ల ఇంటి బిల్లులోకి రాదని ఎవరు హామీ ఇస్తారు? టారిఫ్ నిర్ణయించే ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. అక్కడ మాట్లాడే హక్కు పెద్ద కంపెనీకి ఎంత ఉందో, నూజివీడులో బిల్లు కట్టే అమ్మీకీ అంతే ఉంది.

ముందు మన ఇంటి డబ్బా దగ్గర వాట్ల లెక్క అడగడం అలవాటు చేసుకుందాం. అది వస్తే, గిగావాట్ల లెక్క అడగడానికి కూడా నోరు వస్తుంది.