తాళం వేసిన ఇల్లు లెక్కలోకి రాదట!

2024 సెప్టెంబరు మొదటి వారంలో జూలూరుపాడులోని మా ఇంటి వరండా నిండా కాగితాలే. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కు, చెల్లెలి పదో తరగతి మెమో. బురదలోంచి ఏరి తెచ్చిన ఆ కాగితాలను మా చిన్నమ్మ ఒక్కొక్కటే విడదీసి, ఎగిరిపోకుండా పైన పప్పు డబ్బాలు పెట్టి ఆరబెడుతోంది. సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులకు చేరినప్పుడు బొక్కలగడ్డలో ఆమె అద్దెకుంటున్న ఇల్లు మునిగింది. కట్టుబట్టలతో, ఇద్దరు పిల్లలతో అక్క ఇంటికొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నష్టం రాసుకునేవాళ్లు ఆమె ఇంటికి వెళ్లారు. తాళం ఉందని రాసుకుని వెళ్లిపోయారు. బురదలో పిల్లల్ని పడుకోబెట్టుకుని అక్కడే ఉంటే బాధితురాలయ్యేది. బతుకుజీవుడా అని బయటపడింది కనుక జాబితాలో లేకుండా పోయింది. ఆ తర్వాత ఒక ఆఫీసు చుట్టూ తిరిగినప్పుడు ఆమెకు దొరికిన జవాబు, "మీ ఆయన్ని తీసుకురామ్మా" అని.

మన దగ్గర ఏ విపత్తు వచ్చినా, బలమైన నాయకుడు ఉంటే బాగుండేదనే మాట వినిపిస్తుంది. ఖమ్మానికి ఆ కొరత ఉందా? రాష్ట్ర మంత్రివర్గంలో అప్పుడు ఆ జిల్లావాళ్లే ముగ్గురు. భట్టి విక్రమార్క చేతిలో ఆర్థికం, పొంగులేటి శ్రీనివాసరెడ్డి చేతిలో రెవెన్యూ, గృహనిర్మాణం, తుమ్మల నాగేశ్వరరావు చేతిలో వ్యవసాయం. మర్నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చారు. మేయర్ పునుకొల్లు నీరజ స్త్రీయే. ఇంతమంది నాయకులున్న ఊళ్లో ఒక ఇల్లు మళ్లీ ఇల్లు కావడానికి ఎందుకన్ని నెలలు పట్టింది? కాన్వాయ్ వెళ్లిపోయాక జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరూ వార్డులో మిగలలేదు కాబట్టి.

ఇది ఒక పార్టీ తప్పు అని సరిపెట్టుకోలేం. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మర్నాడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి, ముంపు కాలనీలను ఎత్తైన చోటుకు మార్చడానికీ, వరద నివారణకూ 1,000 కోట్లన్నారు. క్లౌడ్ బరస్ట్ వెనక విదేశాల కుట్ర ఉందన్న అనుమానం కూడా వెలిబుచ్చారు. కుట్ర సంగతి అలా ఉంచండి. 2014లో చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాక భద్రాచలం పట్టణానికి మిగిలిన నేలే తక్కువ. కొత్త కాలనీకి చోటెక్కడన్నది ఆ రోజే తేల్చాల్సిన ప్రశ్న. ఆ ప్రభుత్వం 2023 డిసెంబరులో దిగిపోయేనాటికి ఆ కాలనీ లేవలేదు. ఖమ్మంలోనూ అంతే. 2023 జులైలో మున్నేరు ముంచాక దాదాపు 690 కోట్లతో కాంక్రీటు గోడలన్నారు, సెప్టెంబరులో శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి నీళ్లు వచ్చాయి, గోడ రాలేదు.

ప్రకటనకూ పునర్నిర్మాణానికీ నడుమ ఉన్న ఈ కాలాన్ని ఎవరు మోస్తున్నారు? అడుగెత్తు బురదను తట్టలతో ఎత్తిపోసిందెవరు? తడిసిన పరుపులు మోసి, నీళ్ల ట్యాంకరు కోసం తెల్లవారుజామున లైన్లో నిలబడి, పిల్లల జ్వరాలు చూసి, అప్పు తెచ్చి, ఆఫీసులకు తిరిగిందెవరు? ఆ మూడు వారాలు మా ఇంట్లో రెండు కుటుంబాలకు వండిపెట్టిన మా అమ్మ శ్రమ ఏ సహాయ నిధి ఖాతాలో ఉంది? మొదట కుటుంబానికి 10 వేలన్నారు, తర్వాత 16,500 చేశారు. చిన్నమ్మ కుట్టు మిషను నీళ్లలో నాని పాడైపోయింది. ఆమె దృష్టిలో అది జీవనోపాధి. జాబితా దృష్టిలో ఇంటి సామాను.

2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ చదివి చూడండి. సహాయ ప్రమాణాల్లో ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలన్న చోట పేర్కొన్నది వితంతువులనూ, అనాథలనూ. భర్త పోతే తప్ప స్త్రీ ఆ వాక్యంలో కనిపించదు! అదే రాజ్యం 2013 ఆహార భద్రతా చట్టంలో ఇంటి పెద్దగా పెద్ద వయసు స్త్రీనే గుర్తించింది. బియ్యానికి ఇంటి పెద్ద అయిన మనిషి నష్టపరిహారం దగ్గరికొచ్చేసరికి భర్తను వెంటబెట్టుకుని రావాలా?

మనమూ ఈ విషయంలో తక్కువ తినలేదు. వరద వచ్చినప్పుడల్లా స్త్రీల ఓర్పు మీద కవితలు రాస్తాం, సంచిక వేస్తాం, నీళ్లు తీశాక మరిచిపోతాం. ఓర్పును పొగిడిన ప్రతిసారీ పని చెయ్యని వ్యవస్థకు ఇంకొంచెం గడువు ఇస్తున్నామని నాకనిపిస్తోంది. కేరళలో 2018 వరదల తర్వాత కుటుంబశ్రీ మహిళలు వేల ఇళ్లు కడిగారు. ప్రభుత్వం ఆ సంఘాల ద్వారానే లక్ష దాకా వడ్డీ లేని రుణాలిచ్చింది. స్త్రీల సంఘాన్ని పునర్నిర్మాణానికి దారిగా గుర్తించడం మేలే. కానీ కడిగిన శ్రమకు కూలి ఏది? పోయినదాన్ని అప్పుగా ఎందుకు తెచ్చుకోవాలి? మన దగ్గరైతే అంతమాత్రం కూడా లేదు. నాయకుల సభలకు జనం కావాల్సొచ్చినప్పుడు గుర్తొచ్చే మహిళా సంఘాలు నష్టం లెక్క రాసేటప్పుడు గుర్తుకు రావు.

2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డులో ఉండాల్సిన కమిటీల్లో ఒకటి మహిళలది. నష్టం జాబితా ఆ కమిటీ ముందు చదవాలి. తాళం ఉన్న ఇళ్లకు మళ్లీ వెళ్లాలి. పరిహారం స్త్రీ ఖాతాలో పడాలి, అద్దెకున్నవాళ్లకూ పడాలి. బురద ఎత్తిన రోజులకు కూలి కట్టాలి. ఇచ్చిన మాట ఎంతవరకొచ్చిందో మంత్రి ఆరు నెలలకోసారి ఆ వార్డుకే వచ్చి చెప్పాలి. నాయకత్వమంటే నాకు తెలిసిన అర్థం ఇదొక్కటే.

చిన్నమ్మ ఆ కాగితాలను ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టుకుంది. ఆమె చేసుకున్న వరద ఏర్పాటు అది. ప్రభుత్వం చేసిన ఏర్పాటేమిటో చెప్పమని ఆమె పక్కన నిలబడి అడగాల్సిన బాధ్యత మాత్రం చదువుకున్న మనది.