బండికి ముందు బాట

వాహనాల గురించి జంషెడ్‌పూర్ నగరానికి మరొకరు చెప్పవలసిన పని లేదు. రైలు ఇంజన్ల నిర్మాణం కోసం 1945లో అక్కడ వెలసిన టెల్కో సంస్థ, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీకి పూనుకొంది. ఆ కర్మాగారంలో తయారైన లారీలు దేశం నలుమూలలా తిరిగాయి. అదే సంస్థ టాటా మోటార్స్ అయిన తరువాత 2005లో వెలువరించిన ఏస్ అనే చిన్న సరుకుల బండిని ఉత్తరాది జనం ముద్దుగా ‘ఛోటా హాథీ’ అని పిలుచుకున్నారు. అటువంటి నగరంలో కూడా చిన్న వర్తకుడు విద్యుత్ వ్యాను కొనబోయేసరికి సందేహంలో పడుతున్నాడు. ఇందుకు కారణం లేకపోలేదు. డీజిల్ బండి గుణదోషాలు అతనికి తండ్రి నాటి నుంచి తెలుసు. బ్యాటరీ బండి అనుభవం ఆ ఇంట ఎవరికీ లేదు. పెట్టుబడి మాత్రం కొన్నేళ్ల ఆదాయాన్ని తాకట్టు పెట్టేటంతటిది.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారపు పనులకై తరలివెళ్లి తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో అనేకం ఉన్నాయి. కద్మా వాడలో పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, బియ్యం అమ్మే ఒక తెలుగు వర్తకుడిని ఉదాహరణకు ఊహించుకోవచ్చు. అతడు ప్రతిరోజూ సాక్చీ, బిష్టుపూర్, సోనారి, టెల్కో కాలనీ, సువర్ణరేఖ ఆవలి మాంగో దుకాణాలకు సరుకు పంపాలి. ఏ బండి మంచిదన్నది అతని మొదటి ప్రశ్న. నిజానికి అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. తన బాట ఎటువంటిదన్నదే మొదటి ప్రశ్న.

పాలబండి చెప్పే పాఠం

బ్యాటరీతో నడిచే సరుకుల బండి ఈనాటి వింత కాదు. ఇరవయ్యవ శతాబ్దంలో బ్రిటన్ పట్టణాలలో తెల్లవారుజామున ఇంటింటికీ పాలసీసాలు చేర్చినవి విద్యుత్ బండ్లే. వాటిలోని సీసపు బ్యాటరీలు మిక్కిలి బరువు. వేగమా, అంతంత మాత్రం. అయినా పెట్రోలు బండ్ల కాలంలోనే అవి దశాబ్దాల తరబడి నిలిచాయి. పాలబండి రోజూ ఒకే వీధుల వెంట తిరుగుతుంది. పది గజాలకొకసారి ఆగుతుంది. పని ముగియగానే తన కొట్టానికి చేరి మరునాటికి బ్యాటరీ నింపుకుంటుంది. అటువంటి పనికి వేగంతో గాని, సుదూర ప్రయాణంతో గాని నిమిత్తం లేదు.

బ్యాటరీలు ఎంతగా మారినా ఈ పాఠం మారలేదు. దారి ముందుగా తెలిసి, దూరం మితంగా ఉండి, రాత్రికి ఇల్లు చేరే పనిలోనే విద్యుత్ వ్యాను రాణిస్తుంది. ఈ రోజు మాంగో, రేపు నూటముప్పై కిలోమీటర్ల దూరాన ఉన్న రాంచీ, ఎల్లుండి మరెక్కడికో అనే వర్తకుడికి అది తగిన వాహనం కాదు.

వారం రోజుల లెక్క

కనుక షోరూం గడప తొక్కడానికి ముందు వర్తకుడు ఒక నోటుపుస్తకం తెరవాలి. వారం రోజుల పాటు ప్రస్తుతపు బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, అత్యధికంగా ఎంత బరువు మోసింది, ఎన్నిచోట్ల ఆగింది, ఏ వేళకు తిరిగి వచ్చింది అన్న నాలుగు విషయాలను అందులో రాసుకోవాలి. పండుగ ముందరి వారమైతే మరీ మంచిది, రద్దీలో పని ఎంత పెరుగుతుందో తెలుస్తుంది.

బరువు విషయంలో ఒక మెలిక ఉంది. 750 కిలోలు మోయగలదని కంపెనీ చెప్పిన బండి 25 కిలోల బియ్యం బస్తాలు ముప్పై మోస్తుంది. కాని వానకు సరుకు తడవకుండా వెనుక మూతపెట్టె కట్టిస్తే దాని బరువును ఆ 750 నుంచి తీసివేయాలి. కూడా వచ్చే కూలివాని బరువునూ తీసివేయాలి. అప్పడాలు, మరమరాలు మోసేవారికి ఇబ్బంది బరువుతో కాదు, చోటుతో. వారు కిలోలు కాక పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు చూసుకోవాలి. సాక్చీ బజారు సందుల వంటి ఇరుకు చోట్లకే ఎక్కువగా వెళ్లేవారికి నాలుగు చక్రాల వ్యాను కంటె మూడు చక్రాల విద్యుత్ బండి అనువుగా ఉండవచ్చు. 2020లో వచ్చిన మహీంద్రా ట్రియో జోర్ వంటివి సుమారు 550 కిలోలు మోస్తాయి. వాటి బ్యాటరీ చిన్నది, ధర కూడా తక్కువ.

దూరపు కొండలు

దూరపు కొండలు నునుపు అన్న సామెత కంపెనీ ప్రకటనలకు చక్కగా అతుకుతుంది. టాటా సంస్థ 2022లో ప్రకటించిన ఏస్ విద్యుత్ వ్యానుకు 21.3 యూనిట్ల బ్యాటరీ, ఒక్క ఛార్జికి 154 కిలోమీటర్ల దూరం అన్నారు. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో విద్యుత్ వ్యానుకు 14.4 యూనిట్ల బ్యాటరీ, 155 కిలోమీటర్ల దూరం అన్నారు. ఇవి అబద్ధాలు కావు. నిర్ణీత పద్ధతిలో జరిపిన పరీక్షల ఫలితాలు. అయితే ఆ పరీక్షలో మే నెల ఎండ ఉండదు, మాంగో వంతెన మీది రద్దీ ఉండదు, పరిమితికి మించి ఒక బస్తా అదనంగా వేసే యజమానీ ఉండడు.

కాబట్టి వ్యాను కొనడానికి ముందు దానిని తన సరుకుతో, తన దారిలో ఒక పూట నడిపించి చూడాలి. ఉదయం 100 శాతం ఉన్న ఛార్జి 40 కిలోమీటర్లు తిరిగాక 58 శాతానికి దిగిందనుకుంటే, 42 శాతానికి 40 కిలోమీటర్లు నడిచిందన్నమాట. ఆ లెక్కన మొత్తం బ్యాటరీకి 95 కిలోమీటర్లు. ఆపద్ధర్మంగా అయిదో వంతు మిగుల్చుకుంటే నికరంగా నమ్మదగినది 76. కొన్నేళ్ల తరువాత బ్యాటరీ సామర్థ్యం మరో అయిదో వంతు తరిగితే ఆ 76 కాస్తా 61 అవుతుంది. కాగితం మీది 155 ఎక్కడ, దారిలోని 61 ఎక్కడ! కొనుగోలుకు ఆధారం చేసుకోవలసినది ఈ రెండవ అంకెనే.

రెండు గట్ల నడుమ

దూరం మరీ ఎక్కువైతే బండి దారిలో ఆగుతుంది. మరీ తక్కువైతే పెట్టుబడి తిరిగిరాదు. ఈ రెండవ ప్రమాదాన్ని చాలామంది గుర్తించరు.

2025 జూన్‌లో ప్రకటించినప్పుడు ఏస్ ప్రో పెట్రోలు బండి షోరూం ధర 3.99 లక్షలు. విద్యుత్ బండి ధర 6.50 లక్షలు. తేడా సుమారు రెండున్నర లక్షలు. అదే సంవత్సరం సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిల్ సరుకుల బండ్ల మీది జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. విద్యుత్ వాహనాలపై పన్ను 2019 నుంచి 5 శాతమే కావడంతో ఆ తగ్గింపు వాటికి వర్తించలేదు. అందువల్ల కొనేనాటి ధరలు తెలుసుకుని తేడాను మళ్లీ లెక్క కట్టుకోవాలి.

లెక్క సులువుగా ఉండడానికి తేడా రెండున్నర లక్షలే అనుకోవచ్చు. పెట్రోలు బండికి కిలోమీటరుకు 5 రూపాయలు, విద్యుత్ బండికి ఒకటిన్నర రూపాయి ఖర్చు అనుకుంటే, ప్రతి కిలోమీటరుకూ మిగిలేది మూడున్నర రూపాయలు. సంవత్సరానికి 300 పనిదినాలు. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే బండి ఏడాదికి 21,000 రూపాయలు మిగుల్చుతుంది. ఆ తేడా తీరడానికి 12 సంవత్సరాలు పడుతుంది. 40 కిలోమీటర్లు తిరిగితే 6 సంవత్సరాలు. 60 తిరిగితే 4. 80 తిరిగితే 3. అప్పు మీది వడ్డీ ఈ గడువును పొడిగిస్తుంది. ఇంజను ఆయిలు, ఫిల్టర్ల వంటి ఖర్చులు లేకపోవడం కొంత తగ్గిస్తుంది.

జంషెడ్‌పూర్ నగరం సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ ఇమిడినట్లే, విద్యుత్ వ్యాను లాభం కూడా రెండు గట్ల నడుమనే ఉంది. పై ఉదాహరణలో అది రోజుకు సుమారు 40 నుంచి 76 కిలోమీటర్ల మధ్య, బ్యాటరీ పాతబడ్డాక 61 లోపు. కద్మా వర్తకుడు ఊరిలో ఒక్క చుట్టే తిరుగుతూ పాతిక కిలోమీటర్లతో సరిపెట్టుకుంటే, రెండవ విడత సరఫరా ప్రారంభించడమో, పక్క దుకాణదారు సరుకును కిరాయికి మోయడమో చేయాలి. అది సాధ్యం కానప్పుడు చిన్న బ్యాటరీ గల మూడు చక్రాల బండితో తృప్తిపడడం వివేకం. సుమారు 45 కిలోమీటర్ల దూరాన ఉన్న ఘాట్‌శిలకు రానుపోను ప్రతిరోజూ తిరగదలచినవారు అక్కడ భోజన విరామంలో ఛార్జి చేసుకునే చోటు చూసుకున్నాకే కొనాలి.

రాత్రి కరెంటు

విద్యుత్ బండికి బంకు యజమాని ఇంటి గోడ మీదనే ఉంటుంది. 15 ఆంపియర్ల ప్లగ్గు గంటకు సుమారు 3 యూనిట్లు అందిస్తుంది కనుక 14.4 యూనిట్ల బ్యాటరీకి అయిదారు గంటలు చాలు. టాటా స్టీల్ అనుబంధ సంస్థ కరెంటు అందించే వాడలకూ, రాష్ట్ర విద్యుత్ సంస్థ అందించే మాంగో వంటి వాడలకూ సరఫరా వేర్వేరు చేతుల్లో ఉంది. తన వీధిలో రాత్రి పది నుంచి ఉదయం అయిదు వరకు కరెంటు ఎన్నిసార్లు పోతున్నదో కూడా ఆ నోటుపుస్తకంలోకి ఎక్కాలి. మూడు గంటలు కరెంటు పోతే మరునాటి సగం దారి పోయినట్లే. మీటరుకు మంజూరైన లోడు సరిపోతుందా, ఎర్తు సరిగా ఉన్నదా అన్నది ఎలక్ట్రీషియనుతో చూపించుకోవాలి.

వేడి బ్యాటరీ ఆయుర్దాయాన్ని హరిస్తుంది. నలభై డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ వేసవిలో బండిని నీడన నిలపాలి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాక, చల్లబడిన తరువాత ఛార్జికి పెట్టడం మేలు. వానాకాలంలో నదుల ఒడ్డున ఉన్న పల్లపు వాడలకు వెళ్లేవారు బ్యాటరీకి ఐపీ 67 రక్షణ ఉన్నదా అని అడగాలి. ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి నీరు చేరదని దాని అర్థం. అయితే వరద నీటిలో బండి నడపవచ్చునని కాదు.

కొసరు లెక్కలు

కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ కాకూడదు. మూతపెట్టె, ఛార్జింగు తీగలు, బీమా అన్నీ కలిపిన మొత్తం ధరను కాగితం మీద రాయించుకోవాలి. బ్యాటరీ హామీ ఎన్ని సంవత్సరాలు, ఎన్ని కిలోమీటర్లు అని మాత్రమే అడిగితే చాలదు. సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే కంపెనీ మార్చి ఇస్తుందో అడగాలి. మరమ్మతుల కేంద్రం ఊరిలోనే ఉన్నదా, బండి అక్కడ చిక్కుకుంటే మరొకటి ఇస్తారా అన్నది కూడా తెలుసుకోవాలి. బండి నిలిచిన రోజున కూడా వాయిదా నిలవదు కదా.

కాగితాల చిక్కు కొంత తగ్గింది. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు 2018లో కేంద్ర ప్రభుత్వం పర్మిటు అవసరం లేకుండా చేసింది. వాటి నంబరు పలక ఆకుపచ్చ, అక్షరాలు పసుపుపచ్చ. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జార్ఖండ్ ప్రభుత్వం 2022లో విద్యుత్ వాహనాల విధానం ప్రకటించింది. రాయితీలకు గడువులు, పరిమితులు ఉంటాయి కనుక అవి చేతికి అందేవరకు లెక్కలో కలుపుకోకపోవడం క్షేమం.

ఇన్ని చూసిన పిమ్మట కద్మా వర్తకుడు విద్యుత్ వ్యాను కొనవచ్చు, కొనకపోవచ్చు. కొన్నా పశ్చాత్తాపం ఉండదు, మానినా చింత ఉండదు. నిర్ణయం చేసినది అమ్మేవాని మాట కాదు, అతని సొంత నోటుపుస్తకం.