స్టెంట్ వేశాక వెన్నులోకి పాకే నొప్పి.. సీటీ స్కాన్ ఎందుకు కీలకం?

యాంజియోగ్రామ్, స్టెంట్ ఇప్పుడు సర్వసాధారణం. ఆరోగ్యశ్రీ వంటి పథకాలతో పేదలకూ అందుతున్నాయి. అయితే వీటిలో అరుదుగా ఎదురయ్యే ఓ ముప్పు గురించి చాలామందికి తెలియదు. అదే బృహద్ధమనికి, అంటే అయోర్టాకు గాయం కావడం.

అసలేం జరుగుతుంది?
చేతి నుంచో, తొడ నుంచో పంపే కాథెటర్ గుండెను చేరాలంటే అయోర్టా గుండానే వెళ్లాలి. దాని మొన లోపలి పొరను గీరితే రక్తం గోడ పొరల మధ్యకు చొరబడుతుంది. దీన్నే డిసెక్షన్ అంటారు. కాథెటర్ చికిత్సల్లో వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువ మందికే ఇలా జరుగుతుంది. బైపాస్ వంటి సర్జరీల్లో అయోర్టాకు క్లాంప్ పెట్టే చోటా చీలిక రావచ్చు.

ఎలా గుర్తిస్తారు?
చాలాసార్లు క్యాథ్‌ల్యాబ్‌లోనే తెలుస్తుంది. ఎక్కించిన డై అయోర్టా గోడలో మరకలా నిలిచిపోతుంది. ఆపరేషన్ థియేటర్‌లో అయితే అన్నవాహికలోంచి చేసే ఎకో ఉపయోగపడుతుంది. ఆ తర్వాత అనుమానం వస్తే సీటీ యాంజియోగ్రామే ప్రధానం. ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన గాయం లేదనుకోలేం. గుండె కదలిక వల్ల స్కాన్‌లో చీలికలాంటి తప్పుడు గీతలు పడొచ్చు. అందుకే ఈసీజీతో అనుసంధానించి తీస్తారు.

స్కాన్‌తో ఏం తేలుతుంది?
చీలిక ఎంత దూరం పాకిందో తెలుస్తుంది. గుండె రక్తనాళం మొదలయ్యే చోటు నుంచి అయోర్టాలో 40 మిల్లీమీటర్ల లోపే ఆగితే, ఎక్కువ మందికి అక్కడ స్టెంట్ వేసి గమనిస్తే సరిపోతుంది. అది దాటితే సర్జరీ అవసరం కావొచ్చు.

పొరపాటు పడితే?
ఈ నొప్పి గుండెపోటులా అనిపిస్తుంది. కానీ చికిత్స వేరు. గుండెపోటనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే రక్తస్రావమై ప్రాణం మీదకు రావచ్చు.

రోగులు ఏం చేయాలి?
- చీల్చినట్టు నొప్పి ఛాతీ నుంచి వెన్నులోకి పాకితే వెంటనే 108కి ఫోన్ చేయండి.
- ఏ రోజు, ఏ చికిత్స జరిగిందో డాక్టర్‌కు ముందే చెప్పండి. కిడ్నీ సమస్య, డై అలర్జీ ఉంటే దాచొద్దు.
- డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియో సీడీ దగ్గరుంచుకోండి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి.

వ్యవస్థ ఏం చేయాలి?
స్టెంట్‌కు డబ్బు మంజూరు చేయడంతోనే పథకం బాధ్యత తీరిపోదు. సీటీ యంత్రం ఒక్కటే ఉంటే చాలదు. అర్ధరాత్రి స్కాన్ తీసే టెక్నీషియన్, దాన్ని చదివే రేడియాలజిస్ట్ ఉండాలి. క్యాథ్‌ల్యాబ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే ఇదీ చూడాలి.