సూదిమొన చేసిన పని

‘మా రోజుల్లో ఫొటో అంటే సాక్ష్యం, ఇప్పుడు ఏదీ నమ్మలేం’ అని పెద్దవాళ్లు అంటుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కంప్యూటర్ రాకముందూ ఫొటో చేత అబద్ధం ఆడించారు. సూదితో, బ్లేడుతో, పెన్సిలుతో ఆడించారు.

1945 మే 2న బెర్లిన్‌లో రైఖ్‌స్టాగ్ భవనం మీద సోవియట్ సైనికుడు ఎర్రజెండా ఎత్తుతున్న ఫొటో మీరు చూసే ఉంటారు. తీసింది యెవ్‌గెనీ ఖల్దేయ్. జెండా కూడా ఆయన మాస్కోలో ఎర్రటి టేబుల్ క్లాత్‌తో కుట్టించి తెచ్చుకున్నదే. తీరా చూస్తే, ఆ సైనికుణ్ని కింద నుంచి పట్టుకున్న మరో సైనికుడి రెండు చేతులకూ వాచీలున్నాయి. ఒకటి తనది, మరి రెండోది? దోపిడీ సొత్తేనని లోకం అనుకుంటుంది. ఖల్దేయ్ సూది తీసుకుని నెగటివ్ మీద ఒక వాచీని గీకేశాడు. ఆకాశంలో నల్లటి పొగ కూడా తర్వాత కలిపిందే.

నెగటివ్‌లో అంతా తలకిందులు. గీకిన చోటు ప్రింటులో నల్లబడుతుంది, పెన్సిలు రుద్దిన చోటు తెల్లబడుతుంది. మన స్టూడియోల్లో ‘టచింగ్’ అన్నది ఇదే. వెనక నుంచి వెలుతురు పడే గాజుపలక మీద నెగటివ్ పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొటిమ మీద చుక్క తర్వాత చుక్క పెట్టేవారు. దాన్ని నేను తప్పుపట్టను. ఆ మొటిమ నాలుగు రోజులాగితే అదే పోయేది.

మనిషినే పోగొట్టడం వేరు. ఒక ఫొటోలో మాస్కో-వోల్గా కాలువ గట్టున సోవియట్ అధినేత స్టాలిన్ పక్కన ఉన్నవాడు నికొలాయ్ యెజోవ్, రహస్య పోలీసు అధిపతిగా లక్షల మందిని చంపించినవాడు. 1940లో అతన్నీ కాల్చేశారు. ఆ తర్వాత వేసిన అదే ఫొటోలో అతని చోట నీళ్లే ఉన్నాయి. ప్రింటు మీద రంగు పూసి, దాన్నే మళ్లీ ఫొటో తీస్తే కొత్త నెగటివ్ వస్తుంది, అతుకు కనపడదు.

మరి ఈ మోసం మనకెలా తెలిసింది? అసలు ప్రతులు ఎక్కడో మిగిలాయి కాబట్టి. డేవిడ్ కింగ్ అనే బ్రిటిష్ డిజైనర్ ఏళ్ల తరబడి అలాంటివి వెతికి పోగేశారు. అసలునూ మార్చినదాన్నీ పక్కపక్కన పెట్టి 1997లో పుస్తకం వేశారు.

మన ఊళ్లలో పాత స్టూడియోలు మూతపడుతున్నాయి, నెగటివ్‌ల పెట్టెలు తూకానికి పోతున్నాయి. మీ బీరువాలో ఒక్క కవరున్నా దయచేసి పారేయకండి. తడి తగలని చోట పెట్టండి. అందులో ఉన్నది ఎవరో, ఎప్పటిదో కవరు మీద రాయండి.